ఉస్తాద్ రైఫిల్‌కు నేను బిగించిన స్టాండ్

పోలీసుల్లో ఆర్మరర్ పనిలోకి, అంటే తుపాకులు బాగుచేసే పనిలోకి, కొత్తగా వచ్చే పిల్లలకు నాలుగు మాటలు రాసిమ్మని ఒక కుర్ర ఇన్‌స్పెక్టర్ మా ఇంటికొచ్చి అడిగినాడు. "మీ ప్రమోషన్లు, మీకొచ్చిన మెడల్స్ అన్నీ రాయండి సార్, పిల్లలకు హుషారుగా ఉంటది" అన్నాడు. నాకు మెడల్స్ ఏం రాలేదు నాయనా. ప్రమోషన్ అంటావా, అందరికీ వచ్చినట్టే నాకూ వచ్చింది, అందులో రాసేదేముంది? రాస్తే నేను సిగ్గుతో తల దించుకున్న సంగతి రాయాల. అదైతే మీకు పనికొస్తది. పనికిరాకపోతే ఈ కాగితాల్లో బజ్జీలు కట్టుకోండి, నాకేం బాధలేదు.

అసలు మన పని ఏంది

నా సర్వీసంతా ఈ పడమటి తాలూకాల్లోనే గడిచింది. మార్కాపురంలో కోత్, అంటే తుపాకులు భద్రం చేసే గది, నా చేతిలో ఉండేది. గిద్దలూరు దిక్కు, దోర్నాల దిక్కు అడవి అంచున ఉన్న క్యాంపులకు అప్పుడప్పుడు జీపులో పోయి అక్కడి రైఫిళ్ళు చూసి వచ్చేవాణ్ణి.

ఆర్మరర్ అంటే తుపాకులు కాల్చేవాడని బయటోళ్ళ లెక్క. పెళ్ళిళ్ళకు పోతే చాలు, పిల్లకాయలు చుట్టూ మూగి "ఎంతమందిని కాల్చినావు తాతా?" అంటారు. ఎవర్నీ కాల్చలేదురా అయ్యా! తుడిచినా. నూనె రాసినా. స్ప్రింగులు మార్చినా, మసి గీకినా, విరిగిన పిన్నులు వెతుక్కుంటా నేలమీద పాకినా. సాయంత్రానికి చేతులు కిరసనాయిలు కంపు. ఎంత సబ్బు పెట్టి కడిగినా మా ఇంటామె ముక్కు మూసుకోనే బువ్వ పెట్టేది.

దసరా వచ్చిందంటే నా చావు నాకొచ్చేది. ఆయుధపూజ అని రైఫిళ్ళన్నీ వరసగా పెట్టి, పసుపు పూసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు మీద చల్లేవాళ్ళు. భక్తి మంచిదే, కాదన్ను. ఒక సారు అయితే భక్తి ఎక్కువై గొట్టం మూతిలో కుంకుమ కూరినాడు. కొబ్బరినీళ్ళు తగిలిన ఇనుము తెల్లారేసరికి తుప్పు ఎక్కుద్ది. నేనేమో ఆదివారం చర్చికి పోయేవాణ్ణి. అయినా ఏటేటా ఆ కుంకుమ కడిగే పుణ్యం నాదే. "దావీదూ, నీకు అమ్మవారి దయ బాగా ఉందయ్యా" అని అందరూ ఆటపట్టించేవాళ్ళు.

ఇదీ మన పని. గొప్ప లేదు, తీరిక లేదు. కానీ ఒక్కటుంది. రైఫిల్ పట్టుకున్నోడు గురి తప్పితే అది వాడి తప్పా, రైఫిల్ తప్పా అని చెప్పగలిగేది మనమొక్కరమే. ఆ తెలివి ఉందన్న పొగరే నన్ను ముంచింది.

కట్టె, ఇనుము

మా దగ్గర ఉండేవన్నీ పాత రైఫిళ్ళు. వాటికి ఇనుప గొట్టం చుట్టూ కట్టె తొడుగు ఉంటది, హ్యాండ్‌గార్డ్ అంటాం. కాల్చి కాల్చి గొట్టం వేడెక్కినప్పుడు చెయ్యి కాలకుండా ఉండేదానికి అది. మీకు ఇప్పుడు ప్లాస్టిక్‌వి, రేకువి వచ్చినయ్, మీ అదృష్టం. కట్టె ఒక తీరున ఉండదు. వానలకు ఉబ్బుద్ది, మన ఎండలకు ముడుచుకుంటది. అవిసె నూనె పట్టించకపోతే పగులుద్ది.

గుండు పోయేటప్పుడు గొట్టం సన్నగా అదురుద్ది. ఎప్పుడూ ఒకే తీరుగా అదిరితే గుండు ఎప్పుడూ ఒకే చోటికి పోతది. ఆ కట్టె ఒక పక్క నుంచి గొట్టాన్ని నొక్కిందనుకో, గుండు రెండో పక్కకు తోలుకుపోతది. తుపాకి కాడ దారపు పోగంత తేడా వస్తే, అంత దూరం పోయేసరికి అది జానలు, మూరలు అవుతది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా దీనిమీదే నడిచింది.

పెద్దసారు తెప్పించిన స్టాండ్లు

మాకొక పెద్దసారు వచ్చినాడు. పేరు అనవసరం. చెడ్డవాడని నేనన్ను. బాగా చదువుకున్నోడు, కింది వాళ్ళ కష్టం అడిగేవాడు. ఒకటే జబ్బు, ఫోన్‌లో ఏది చూస్తే అది మనకూ రావాల. అట్లనే ఎక్కడో చూసి బైపాడ్లు తెప్పించినాడు. రైఫిల్ ముందు భాగానికి బిగించే రెండుకాళ్ళ స్టాండ్లు అవి. పండుకోని కాల్చేటప్పుడు రైఫిల్ బరువు స్టాండ్ మోస్తది, చేతికి పనుండదు. అడవి క్యాంపుల్లో కాపలా కాసేవాళ్ళకు బాగుంటయ్ అన్నాడు.

"ఇవి కొత్త రైఫిళ్ళకు చేసినవి సార్. మన కట్టెకు పట్టవు" అన్నా.

"దావీదూ, ప్రతిదానికీ కాదు, కుదరదు అనొద్దు. ట్రై చెయ్" అన్నాడు.

ఎవడు ట్రై చేస్తాడు? తీసుకపోయి బీరువా మీద పెట్టినా. దుమ్ము పట్టినయ్.

ఆ ఏడే పెద్దసారు ఇంకో పని చేసినాడు. ఏడాదికోసారి జరిగే ఫైరింగ్ పరీక్షలో రైఫిల్ కింద ఇసుకబస్తా పెట్టుకోనిచ్చేవాళ్ళు, ఆ ఆసరా తీసేసినాడు. "అడవిలో మీకెవడు బస్తా మోసుకొస్తాడు?" అన్నాడు. మాట న్యాయమైందే. కానీ ఆ మాటకు లోపల్లోపల వణికిపోయిన మనిషి ఒకడున్నాడని మాకెవరికీ తెలీదు.

ఓబులయ్య మామ

ఓబులయ్య హెడ్ కానిస్టేబుల్. కొనకనమిట్ల కాడ సేద్యగాళ్ళ ఇంటి మనిషి. ఫైరింగ్ నేర్పించేవాడు గనక అందరికీ ఉస్తాద్, నాకు మాత్రం మామ. నేను కూలోళ్ళ ఇంట్లో పుట్టి కొత్తగా డ్యూటీలో చేరిన రోజున ఎవడూ పక్కన కూచోనీకపోతే, "ఏం అల్లుడా, ఇట్ల రా" అని తన క్యారియర్‌లో అన్నం పెట్టినాడు. ఆ రోజు నుంచీ మామ. ఆయన భార్య నాకు అత్త. ఆమె చేతి పచ్చడి మా ఇంట్లో లేని రోజు లేదు.

రైఫిల్ పట్టుకుంటే మామకు ఇంకో లోకం ఉండేది కాదు. తిట్టేవాడు, అబ్బో, ఏం తిట్లు! "ఒరే, ట్రిగ్గర్ అట్ల గుంజుతావేందిరా, అది బర్రె పలుపా?" అని అరిస్తే రిక్రూట్లు నవ్వాపుకోలేక చచ్చేవాళ్ళు. కానీ ఆయన చేతి కింద నేర్చుకున్నోడు మళ్ళీ మరిచిపోయేది లేదు.

పరీక్ష ఇంకో వారం ఉందనంగా మామ కోత్‌కు వచ్చినాడు. "తలుపు దగ్గరికి వెయ్ అల్లుడా" అన్నాడు. వేసినా. ఎడం చెయ్యి జేబులోంచి తీసి నా ముందుకు చాపినాడు. వేళ్ళు వణుకుతుండయ్. ఆపుదామని కుడిచేత్తో మణికట్టు పట్టుకున్నాడు, అయినా ఆగలే.

"ఏంది మామా ఇది? ఎప్పట్నుంచి?"

"పోయిన వానకాలం నుంచి. మొదట్లో చొక్కా గుండీలు పెట్టుకోను కష్టమైంది. దూరం పోయి డాక్టరుకు చూపించుకున్నా. నరాల జబ్బంట. మందులు మింగుతుండా, కుడిచెయ్యి బాగానే ఉండాది."

"మరి పైవాళ్ళకు చెప్పకపోతివి?"

"చెప్తే మెడికల్ బోర్డుకు పంపుతారు. ఆయుధం గుంజుకుంటారు. గేటుకాడ కుర్చీ ఏసి కూచోబెట్టి వచ్చేపొయ్యేవాళ్ళ పేర్లు అడుక్కోమంటారు. రిటైర్మెంట్‌కు ఎంతోలేదు అల్లుడా. నన్ను ఉస్తాద్‌గానే పోనీ. ఇన్నాళ్ళూ ఇసుకబస్తా కాపాడింది, ఇప్పుడు అదీ లేకపాయె." బీరువా మీదికి చూసినాడు. "ఆ స్టాండ్ నా రైఫిల్‌కు పెట్టు. ముందర అది మోస్తది, ఎడం చెయ్యి మడిచి చంక కింద పెట్టుకుంటా. పెద్దసారు అడిగితే ట్రయల్ అని చెప్పు."

పెద్దసారు అడిగిన ట్రయలూ అయితది, మామ పనీ అయితది. దీంట్లో తప్పేముంది అనిపించింది. వణికే చేతిలో రైఫిల్ ఉండొచ్చా అని మీరు అడగొచ్చు. అడగాల్సిన మాటే. నేను ఆ రోజు అడగలే, అంత పెద్ద మనిషి నా ముందు చెయ్యి చాపినాడని పొంగిపోయినా. "నువ్వు నిమ్మళంగా ఉండు మామా, నేను చూసుకుంటా" అన్నా.

పలక ముక్క

స్టాండ్ పట్టీ పెద్దది, మా కట్టె తొడుగు సన్నది. ఎంత బిగించినా జారుతాంది. కట్టెకు నూనె పట్టించి పట్టించి నున్నగా చేసింది నేనే కదా.

మా మార్కాపురంలో ఎక్కడ సందు కనపడినా పలక ముక్క దూరుస్తాం. మంచం కోడు కుంటుతుంటే పలక ముక్క, బీరువా ఊగుతుంటే పలక ముక్క, తలుపు గాలికి కొట్టుకుంటుంటే పలక ముక్క. ఊరి బయట పలకల గనుల కాడ విరిగిన పలకలు గుట్టలుగుట్టలు పడి ఉంటయ్, మాకేం కొదువ? నా చెయ్యి కూడా అలవాటుగా దానిమీదికే పోయింది. పట్టీకి, కట్టెకు మధ్యన కుడిపక్క ఒక ముక్క దూర్చి స్క్రూ బిగించినా. ఉడుంపట్టు పట్టింది. నా పనితనానికి నేనే మురిసిపోయినా.

పిల్లలూ, అక్కడ పెట్టాల్సింది రబ్బరు ముక్కో, తోలు ముక్కో. మెత్తగా సర్దుకుంటది. పలక సర్దుకోదు. నేను బిగించిన బిగుపంతా కట్టె మీద పడింది, కట్టె పోయి గొట్టాన్ని నొక్కింది. అసలు కట్టెకు ఏదీ బిగించకూడదు, అది వేరే మాట.

ఇంకో తప్పు, ఇంతకన్నా పెద్దది. రైఫిల్‌కు ఏది కొత్తగా బిగించినా రేంజికి తీసకపోయి కాల్చి చూసి, గురి సరిచెయ్యకుండా మనిషి చేతికి ఇవ్వకూడదు. మనకు నేర్పే మొదటి పాఠం అది. గుండ్లు అడిగితే ఎందుకని అడుగుతారు, మామ సంగతి బయట పడుద్దని నేను అడగలే. ఊరికే ఇచ్చినా. మామ పండుకోని గురి చూసి, "బండ మీద పెట్టినట్టుందిరా!" అని చిన్నపిల్లోడి మాదిరి నవ్వినాడు. ఆ నవ్వు చూసి నేను కడుపునిండా తిన్నా ఆ పూట.

రేంజి కాడ

ఊరికి దూరంగా గుట్ట కింద మా ఫైరింగ్ రేంజి. పరీక్ష రోజున రిక్రూట్లు, పాతవాళ్ళు అందరూ వచ్చినారు. మామ రైఫిల్‌కు స్టాండ్ చూసి పెద్దసారు ముఖం వెలిగిపోయింది. "చూడండిరా, మీ అందరికంటే ఉస్తాదే కుర్రోడు" అన్నాడు.

మామ పండుకున్నాడు. ఎడం చెయ్యి చంక కింద మడుచుకున్నాడు. కాల్చినాడు. గుండు తగలకపోతే టార్గెట్ల కాడ గుంటలో ఉండేవాళ్ళు ఎర్రజెండా ఊపుతారు. ఎర్రజెండా ఊగింది. మళ్ళీ కాల్చినాడు, మళ్ళీ ఊగింది. అయిదు గుండ్లకూ అదే. ఉస్తాద్‌కు ఎర్రజెండా ఊపడం అక్కడున్నోళ్ళు ఎవరూ ఎన్నడూ చూడలే.

పక్క వరసలో కాల్చింది ముండ్లమూరు దిక్కు రిక్రూటు ఒకడు. వాడి టార్గెట్ మీద చూస్తే వాడు కాల్చిన వాటికి రెండింతలు చిల్లులు. "ఉస్తాద్ గారు పక్కోణ్ణి పాస్ చేయించినారు!" అని ఎవడో అన్నాడు. రేంజంతా ఒకటే నవ్వు. పెద్దసారు కూడా నవ్వి, "పర్లేదు ఉస్తాద్, ఫెయిలైన వాళ్ళతో పాటు వచ్చే వారం మళ్ళీ కాల్చు. ఈసారి కళ్ళద్దాలు తెచ్చుకో" అన్నాడు.

అక్కడికి అయిపోవాల. అయిపోయినట్టే. మామ లేచి మోచేతుల దుమ్ము దులుపుకుంటా తనూ నవ్వినాడు. వచ్చే వారానికి నేను స్టాండ్ సరిచేసి ఇచ్చేవాణ్ణి, ఆయన కొట్టేవాడు, ఈ నవ్వులు రెండు రోజుల్లో అందరూ మరిచిపోయేవాళ్ళు.

నేను ఊరుకోలేదు. ఆ రిక్రూటు టార్గెట్ కాడికి పోయి చూసినా. వాడివి చెల్లాచెదురుగా ఉండయ్. మామ కాల్చిన అయిదు చిల్లులూ ఒకదాని పక్కన ఒకటి, నా అరచేత్తో మూస్తే మూతపడేంత చోటులో ఉండయ్. గురి చెదిరినోడి గుండ్లు అట్ల పడవు. చెయ్యి సక్కంగా ఉంది, రైఫిల్ పక్కకు నెట్టింది! తప్పెక్కడుందో నాకు కళ్ళకు కట్టినట్టు కనపడింది. ఆ అట్ట పీక్కోని వచ్చి పెద్దసారు ముందు పెట్టినా.

"చూడండి సార్, ఉస్తాద్ తప్పు కాదు. ఇంత దగ్గరగా పడినయ్ అంటే చెయ్యి అదరలేదు. స్టాండ్ తప్పు."

"స్టాండ్ తప్పా?" అన్నాడు. అవి ఆయన ముచ్చటపడి తెప్పించినవి.

వెనకనుంచి మామ "అల్లుడా, పోనీలే" అన్నాడు. విన్నా. విని కూడా, "అవును సార్. మన కట్టెకు ఇది పట్టదని ఆ రోజే చెప్పినా, మీరే వినలేదు" అన్నా.

అంతమందిలో, రిక్రూట్ల ముందర, పెద్దసారును అట్ల అన్నా. మామ పరువు కోసం మాట్లాడుతుండా అనుకున్నా. ఎక్కడి పరువు! నా మాట గెలిచిందని చూపించుకోడానికి మాట్లాడినా. పలక ముక్క సంగతి మాత్రం నోట రాలేదు, గమనించండి.

పెద్దసారు ముఖం గట్టిపడింది. "సరే. చెయ్యి అంత బాగుంటే స్టాండ్ ఎందుకు? తీసెయ్. ఉస్తాద్ ఇప్పుడే కాలుస్తాడు. తప్పు ఎవరిదో తేలిపోతది" అన్నాడు.

"వచ్చే వారం సార్..." అన్నా.

"ఇప్పుడే."

ఆ స్టాండ్ నేనే ఊడదీసినా. స్క్రూ తిప్పుతుంటే పలక ముక్క రెండుగా విరిగి మట్టిలో పడింది, కాలితో తొక్కేసినా. మామ వైపు చూడలేకపోయినా. ఆయన నా చేతిలోంచి రైఫిల్ తీసుకోని పండుకున్నాడు. ఎడం చెయ్యి కట్టె తొడుగు కింద పెట్టినాడు.

గొట్టం మూతి ఊగింది. ముందు రిక్రూట్లు ఉస్తాద్ తమాషా చేస్తుండాడనుకోని కిసుక్కుమన్నారు. తర్వాత ఒక్కొక్కడే నోరు మూసినాడు. మామ ఊపిరి బిగబట్టినాడు, మోచెయ్యి నేలకు అదిమినాడు, చేతనైనవన్నీ చేసినాడు. మూతి ఆగలేదు. చివరికి కాల్చకుండానే రైఫిల్ ఖాళీ చేసి, పద్ధతి ప్రకారం ఖాళీ అయిందని చూపించి, లేచి నిలబడినాడు.

"నా చేత కాదు సార్" అన్నాడు. వణికే చెయ్యి దాచుకోలేదు.

పెద్దసారు మెల్లగా, "ముందే చెప్పుంటే పోయేది కదా ఉస్తాద్" అన్నాడు. ఆయనకూ సిగ్గేసింది, నేను చూసినా. కానీ అంతమంది ముందర జరిగినాక ఇక ఎవరూ ఏం చెయ్యలేరు. మెడికల్ బోర్డు, ఆయుధం వాపసు, గేటుకాడ కుర్చీ. మామ ఏదేది భయపడినాడో అదే అయింది.

రైఫిల్ కోత్‌లో అప్పజెప్పడానికి వచ్చినప్పుడు నన్ను తిడతాడనుకున్నా. తిట్టుంటే బతికిపోయేవాణ్ణి. రైఫిల్ బల్లమీద పెట్టి, "మీ అత్తకు కూడా చెప్పలేదురా. నీకొక్కడికే చెప్పినా" అన్నాడు. అంతే, పోయినాడు.

మీకు చెప్పేది

కట్టెకు ఏదీ బిగించొద్దు. బిగించక తప్పకపోతే కాల్చి చూడకుండా ఎవరికీ ఇవ్వొద్దు. చెయ్యి వణికేవాడు దోస్తయినా, ఉస్తాద్ అయినా, రైఫిల్ వద్దు మామా అని తలుపు వేసిన గదిలోనే చెప్పండి. ఆ రోజు నేను అది చెప్పుంటే ఆయన నామీద అలిగేవాడు, ఆ తర్వాత తనంతట తానే బోర్డుకు పోయేవాడేమో. పరువుతో పోయేవాడు.

ఇంకొకటి. మన పనిలో నిజం మనకు ముందు తెలుస్తది. తెలిసింది గదా అని నలుగురిలో పెట్టేముందు, ఆ నిజం ఎవరి నెత్తిన పడుద్దో చూసుకోండి. నా నోరు ఆగుంటే ఆ రోజు ఎవడి కొంపా మునిగేది కాదు.

దోర్నాల

మొన్నీమధ్య శ్రీశైలం పోయే బస్సు దోర్నాలలో ఆగితే దిగినా, అక్కడ మా చుట్టాలతో పని. రోడ్డు పక్కన హోటల్లో మామ, అత్త కూచోని ఉండారు. మల్లన్న దర్శనానికి పోతుండారంట. మామ రిటైర్ అయి శానా కాలమైంది, ఆయన రిటైర్మెంట్ సభకు నేను మొఖం చెల్లక పోలేదు.

"దావీదు గదూ! ఏందయ్యా, ఇంటి దారే మరిచిపోతివి" అని అత్త పక్కన కూచోబెట్టుకుంది. ముగ్గురికీ చాయ్ చెప్పింది. మామ బాగానే మాట్లాడినాడు. పంటలు, వానలు, మోకాళ్ళ నొప్పి. చాయ్ వచ్చింది. నేను తాగినా, అత్త తాగింది. మామ గ్లాసు ముట్టుకోలేదు. రెండు చేతులూ బల్ల కిందనే ఉండయ్.

"తాగు మామా, ఆరిపోతాంది" అన్నా.

"చాయ్ మానేసినా అల్లుడా" అన్నాడు.

అత్త ఆయన వైపు విచిత్రంగా చూసి, నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది.

వాళ్ళ బస్సుకు ఇంకా టైముంది. పనుందని చెప్పి లేచి వచ్చేసినా. రోడ్డు దాటినాక ఉండబట్టలేక వెనక్కి తిరిగి చూసినా. అత్త గ్లాసు పట్టుకోని మామ నోటికి అందిస్తాంది. ఆయన కొంచెం కొంచెంగా తాగుతుండాడు.